మూడు కాయిళ్లూ మాడిన చోటు

ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి హసీనా చుట్ల లెక్క తప్పింది!

ముప్ఫయ్యేడో చుట్టో, ముప్ఫయ్యెనిమిదోదో... మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్న బోరు మోటారు గాడిలోకి సగం దూరిన తీగ అక్కడే ఆగిపోయింది. జుమ్మా నమాజు ముగించుకుని, చేతిలో లడ్డూల పొట్లంతో వెనకగది గుమ్మంలో నిలబడిన భర్త సుభానీ ముఖం వెలిగిపోతోంది. 

"ఇల్లు ఖాయమైపోయింది హసీనా! కల్పవల్లి కాలనీలో, మా అన్న ఇంటెనకమాలే. ఆదివారం అందరం పోయి చూసి, బయానా ఇచ్చేసి వద్దాం. ముందు నోరు తీపి చేసుకో!"

ఆ మాట వినడానికి ఆమె ఎన్నాళ్లుగా ఎదురుచూసింది! నరసరావుపేటలో ఈ అద్దెకొట్టు, దాని వెనక రెండు గదులు... ముందు సుభానీ మోటార్ల రిపేరు, వెనక సంసారం. వంటింటికీ పనిగదికీ మధ్య ఒక్క గోనెపట్టా అడ్డం. కూతురు హుమేరా అక్షరాలు దిద్దినా, ఈనాడు ఇంజనీరింగ్ పుస్తకాలు చదివినా ఆ వార్నిష్ వాసనలోనే. ఇప్పుడు ఇంటి యజమాని పాత కట్టడం పడగొట్టి కాంప్లెక్స్ కడతానని మూడు నెలల గడువు పెట్టాడు. మళ్లీ అద్దెకు పోవడమా, ఉన్నదంతా ఊడ్చి సొంత ఇల్లు కొనుక్కోవడమా అన్న ప్రశ్న పుట్టింది అందువల్లనే. కొనుక్కోవాలనే ఇంటిల్లిపాదీ నిశ్చయించారు. అయితే ఎక్కడ? ఆ ప్రశ్న మాత్రం ఎవరూ హసీనాను అడగలేదు... అడగాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు!

ఆమె తీగను గాడిలోంచి మెల్లగా వెనక్కి లాగి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అక్కడ వద్దండీ," అంది.

సుభానీ నవ్వాడు. "లడ్డూ తినకముందే వద్దంటావేంది?"

"మీరే ఆలోచించండి. ఈ ఏడాది కల్పవల్లి నుంచి ఎన్ని మోటార్లు కాలి వచ్చినయ్యి?"

"అదే గదా నేననేది!" సుభానీ ఉత్సాహంగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. "మనకొచ్చే మోటార్లలో సగానికి సగం ఆడియ్యే! ఆటోల్లో ఏసుకుని ఈడికి మోసుకొస్తన్నారు పాపం. మనమే పోయి వాళ్ల మధ్య కొట్టు పెట్టుకుంటే ఇంకేం గావాలే? మోటార్లు కాలే చోటే మన బేరం. చేపలున్న చోటే గదా వల ఏసేది!"

"చేపలున్న చోట వల ఏత్తారు. ఆ చెరువులో కాపురం పెట్టరు గదండీ! మనమూ ఆ నీళ్లే తాగాల, ఆ నీళ్లతోనే వండుకోవాల. ఇవాళ మోటారు కాల్తంది. రేపు బోరే ఎండిపోద్ది. బోరెండిన ఇంట్లో మోటారెందుకు? అప్పుడు బేరం ట్యాంకర్లోళ్లకి, మనకి కాదు."

మంచం మీద తస్బీ పూసలు తిప్పుకుంటున్న అత్తగారు సైదాబీ వేళ్లు ఆగాయి.

సుభానీ ముఖంలో వెలుగు తగ్గింది. "మా అన్న ఆడ ఏడాదిన్నర నుంచి ఉంటన్నాడు. నీళ్లకి కొదవే లేదు తమ్ముడూ అని ఆయనే చెప్పాడు. మా అన్న నాకు అబద్ధం చెప్తాడా? నాన్న పోయినాక నన్ను సాకినోడు... ఈ పని నేర్పించినోడు... ఆయన లారీ అమ్మి ఈ కొట్టు పెట్టిచ్చినోడు! ఆయన మాట కంటే నీ మాట ఎక్కువా? తీగ చుట్టేదానివి, నీకు స్థలాల సంగతులేం తెలుసే!"

ఆ మాట మొనదేలిన రాగితీగలా దిగబడింది! ఆమె వేళ్ల నిండా ఉన్న కోతలు రాగితీగవే. వాటికి ఆమె ఏనాడూ కన్నీరు పెట్టలేదు. ఈ కోతకు మాత్రం కళ్లు నిండిపోయాయి...

పుస్తకాల ముందు కూర్చున్న హుమేరా ఊరుకోలేదు. "నాన్నా, అమ్మ తీగ చుట్టబట్టే నీ మోటారు తిరుగుతంది. లేకపోతే అది ఇనప గొట్టం. పొయ్యి ఊదుకోవాలంతే!"

"నోర్ముయ్యవే! నీకు కాలేజీ దగ్గరయ్యిద్దని గూడా గదా చూసింది! నకరికల్లంట, నకరికల్లు! మీ అమ్మ నెల నుంచి సణుగుతానే ఉంది. పేట వదిలి ఆ మండలం ఊళ్లో కూర్చుంటే మోటారు ఎవడు తెస్తాడు? నానమ్మ మాటన్నా ఆలోచిచ్చారా? తాతయ్య సమాధి ఈడ కబరస్తాన్‌లో ఉంది. శుక్రవారం శుక్రవారం పోయి ఫాతిహా చదువుకుని వచ్చే ముసలామెను బస్సులెంట తిప్పుతారా?"

ఆ ఒక్క మాట న్యాయమైనది. తలవంచుకుని, విప్పిన తీగను సాగదీసి, మళ్లీ ఒకటో చుట్టు నుంచి మొదలుపెట్టింది.

ఆమె చెప్పలేకపోయిన కారణం మరొకటి ఉంది. అది ఆమె గొంతులో ఏడాదిగా ముల్లులా గుచ్చుకుని ఉంది!

హసీనా పుట్టిల్లు మాచర్ల. తండ్రి పరుపులు కుట్టేవాడు. దూది జరిగి ఒక మూల ఉండకట్టకుండా, పరుపు మధ్యలో దబ్బనంతో దారం దింపి, పైన ఒక బిగుతైన కుచ్చుముడి వేసేవాడు. ఆ ముడి ఆయన చేతి నుంచి కూతురి చేతికి వచ్చింది. పెళ్లయి వచ్చాక భర్త దగ్గర మోటారు కట్టడం నేర్చుకున్నప్పుడు, చుట్టిన కాయిళ్లు కదలకుండా కట్టే దారానికి ఆమె ఆ పరుపు ముడే వేసింది. పల్నాటిలో మోటార్లు కట్టేవాళ్లు ఎందరున్నా ఆ ముడి వేసేది హసీనా ఒక్కతే.

కాలక్రమాన పని రెండుగా చీలింది. మోటారు విప్పడం, బిగించడం, పైపులు లాగించడం సుభానీ వంతు. మాడిన తీగ కోసి తీసి కొత్తది కట్టడం హసీనా వంతు. అందువల్ల అతడు ఎన్ని మోటార్లు కాలాయో చూసేవాడు. అవి ఎందుకు కాలాయో ఆమె చూసేది. మోటారులో కాయిళ్లు మూడు వరసలు. రెండు వరసలు నల్లబడి మూడోది కొత్త రాగిలా మెరుస్తూ ఉంటే తప్పు కరెంటుది: ఒక ఫేజు పోయి ఉంటుంది. అలా కాక మూడు వరసలూ ఒకే తీరుగా మాడి, పై తొడుగు కరిగి, అడుగున బేరింగు అరిగిపోయి ఉంటే తప్పు నేలది. బోరులో నీళ్లు లేక మోటారు వట్టిగా తిరిగి తిరిగి ప్రాణం విడిచిందన్నమాట! ఏ ఊరు, ఏ వీధి, ఎన్ని అడుగుల లోతు అని మోటారుకు కట్టి పంపే చీటీని ఆమె చదవకుండా ఎప్పుడూ పక్కన పడేయలేదు. ఆ విధంగా నరసరావుపేట చుట్టుపక్కల నేల అడుగున ఏముందో, గడప దాటని ఆ ఇల్లాలికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

బావగారు నాగూర్ వలీ కల్పవల్లిలో గృహప్రవేశం చేసుకున్నప్పుడు ఆయన మోటారును హసీనాయే కట్టింది. బావగారి కొత్త ఇల్లు... బర్కత్, కలిమి కలగాలని మామూలు తెల్లదారం పక్కన పెట్టి, హుమేరా పాత ఓణీ అంచు నుంచి ఆకుపచ్చ దారం తీసి, పేనుకుని, ముడి ముడికీ బిస్మిల్లా అనుకుంటూ కట్టింది.

ఆరు నెలలు తిరక్కముందే ఆటోలో ఒక మోటారు వచ్చింది. చీటీ మీద "శివరామయ్య, కల్పవల్లి" అని ఉంది. మూడు వరసలూ ఒకే తీరుగా మాడిపోయాయి. ఉలితో కోసి మసి పొరలు విడదీస్తుంటే, ఒక ముడి నడుమ మంట అందని చోట... ఆకుపచ్చ దారం! ఆమె ఉలి పక్కన పెట్టి, దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. బావగారి మోటారు! మరి వేరే పేరు ఎందుకు? ఆలోచించగా అర్థమయింది. అందరూ వద్దంటున్నా వినక, జీవితంలో సంపాదించినదంతా పోసి కొన్న ఇల్లు. అందులో నీళ్లు లేవని తమ్ముడికి తెలిస్తే ఎంత నామోషీ! ఆ పరువు కాపాడడానికి ఆమె నోరు మూసుకుంది. మళ్లీ ఆకుపచ్చ దారంతోనే కట్టి పంపింది. నాలుగు నెలలకు అదే మోటారు "తేజ" అన్న పేరుతో తిరిగి వచ్చింది. చీటీ మీద లోతు మరో వంద అడుగులు పెరిగింది. అప్పుడూ ఆ దారంతోనే కట్టి పంపింది.

మంచి మనసుతో చేసిన మౌనానికి కూడా ఫలితం ఉంటుంది. ఆ ఫలితమే ఇప్పుడు ఆమె గుమ్మంలో నిలబడి ఉంది! చెబితే, తండ్రిలాంటి అన్నను తమ్ముడి ముందు అబద్ధాలకోరును చేసినట్టు. రక్తం పంచుకు పుట్టినవాళ్ల మధ్య నిప్పు వేసిన కోడలిగా మిగిలిపోవడం. చెప్పకపోతే, బతుకంతా కూడబెట్టిన ఒక్క ఇంటినీ ఎండిన బోరు మీద నిలబెట్టడం... కూతురిని బిందె పట్టుకుని ట్యాంకరు వెనక పరుగెత్తించడం! రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. కానీ ఆదివారం తెల్లవారేసరికి కళ్లు తుడుచుకుంది. ఏం చేయాలో ఆమెకు తెలిసింది.

కల్పవల్లి కాలనీ చూపులకు ముచ్చటగానే ఉంది. నున్నటి సిమెంటు రోడ్లు, గులాబీ రంగు గోడలు, గేటు దగ్గర రెండు తెల్ల ఏనుగు బొమ్మలు. "చూశావా, ఎంత కళగా ఉందో!" అన్నాడు సుభానీ, భార్య అలక తీర్చాలని. హసీనా ఏనుగులను చూడలేదు. ప్రతి ఇంటి మెట్ల కింద పాత చీర కప్పి ఉన్న నీలిరంగు డ్రమ్ములను చూసింది.

నాగూర్ వలీ గుమ్మంలోనే ఎదురయ్యాడు. యాభై అయిదు దాటిన మనిషి, నవ్వితే తమ్ముడిలాగే ఉంటాడు. ఈరోజు ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోతోంది. "రామ్మా, రా! ఇయ్యాల్టి నుంచి మీరూ ఈ కాలనీవోళ్లే. ఇల్లమ్మే ఆయన పన్నెండింటికి వస్తానన్నాడు."

తోడికోడలు మీరాబీ అత్తగారికి వజూకు, కాళ్లు చేతులు కడుక్కోవడానికి, చెంబు తెచ్చి ఇచ్చింది. సైదాబీ చెంబులోకి తొంగిచూసింది. "ఇదేందే మీరాబీ, పిల్లికి పాలు పోసినట్టు పోశావు? నమాజుకా, నాలిక తడుపుకోనా?"

"పోస్తా అత్తమ్మా... ఇంకాసిని పోస్తా..." అంటూ మీరాబీ గబగబా లోపలికి పోయింది. వెనకే హసీనా వెళ్లింది. వంటింట్లో టీ గిన్నెలోకి మీరాబీ గ్లాసుతో కొలిచి నీళ్లు పోస్తోంది. ఆరుగురికి ఆరు గ్లాసులు, ఒక చుక్క ఎక్కువ కాకుండా. హసీనా చూపు తగలగానే గ్లాసును కొంగు చాటుకు తీసింది.

"అక్కా..."

"ఏం అడగమాకు హసీనా." మీరాబీ ముఖం గోడవైపు తిప్పుకుంది. "నీ పుణ్యముంటది, ఏం అడగమాకు..."

హసీనా అడగలేదు. మెట్లెక్కి మిద్దె మీదకు వెళ్లింది. నాగూర్ వలీ నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు పక్కన నిలబడి, వేళ్లతో దాని పొట్ట మీద కొట్టి చూస్తున్నాడు. లోపలి నుంచి డప్పు మోగినట్టు డొల్లగా మోగుతోంది. మరదలిని చూడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గాలి బాగుంటదమ్మా ఈడ," అన్నాడు.

"బావగారూ, ఒక మాట అడుగుతా. ఈ వీధిలో శివరామయ్య అనే ఆయన ఇల్లు ఏది?"

ఆయన టోపీ సర్దుకుని ట్యాంకు మూత వైపు చూశాడు.

"పోనీ, తేజ అనే అతని ఇల్లు?"

నాగూర్ వలీ పిట్టగోడ పట్టుకుని మెల్లగా దాని మీద కూలబడ్డాడు.

"ఆ రెండు మోటార్లూ ఒకటే బావగారూ. ఆ ఒకటీ మీదే. ఆకుపచ్చ దారంతో మూడుసార్లు నేనే కట్టా. నా ముడి నేను గుర్తుపట్టనా?"

"వాడికి... చెప్పావా?"

"చెప్పలా. ఇప్పుడూ చెప్పను. మీరు చెప్తే అది అన్న చెప్పిన మంచిమాటయ్యిద్ది. నేను చెప్తే అన్నదమ్ముల్ని విడదీసిన కోడలి మాటయ్యిద్ది. కానీ బావగారూ... నా బిడ్డ ఈడ బతకాల. మీరు ఆయన్ని సాకింది ఇందుకా? లారీ అమ్మి నిలబెట్టింది, తెచ్చి ఈ ఎండు బోరులో దించేదానికా?"

ఆ పెద్దమనిషి భుజాలు అదిరాయి. టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం ఆ ఇంటి కోడలు చూడటం అదే మొదలు!

"మోసం చేద్దామని కాదమ్మా... అల్లా మీద ఒట్టు! ఒక్కణ్ణే తప్పు చేశాననుకుంటే కాళ్లు చేతులు ఆడవు. వాడు గూడా పక్కనే కొనుక్కుంటే... ఏమో, తప్పు కాదేమో అనిపిచ్చిద్దని... తమ్ముడు పక్కనుంటే ఏ కరువైనా ఈదొచ్చని..."

హసీనా మనసు కరిగింది. కానీ మాట కరగలేదు. "మునిగేటప్పుడు తోడు పిలవకూడదు బావగారూ. ఒడ్డు మీదున్నోణ్ణి చెయ్యందివ్వమని పిలవాల. నేను కిందికి పోయి టీ తెస్తా. అందరూ తాగేలోపు... మీ ఇష్టం."

ఆమె మెట్లు దిగింది. ట్రేలో గ్లాసులు పెట్టి హాల్లోకి తెచ్చేసరికి సుభానీ బయానా కవరును చొక్కా జేబులోంచి తీసి, ముద్దుగా సవరిస్తున్నాడు. పన్నెండుకు ఇంకా పావుగంట ఉంది. ఒక్కొక్కరే టీ అందుకున్నారు. సైదాబీ తాగింది. హుమేరా తాగింది. సుభానీ గ్లాసులో చివరి గుక్క మిగిలింది... మెట్ల మీద అలికిడి లేదు! ఆయన దిగడేమో... ఇక తనే నోరు విప్పాలేమో...

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఒరేయ్ సుభానీ! ఆ కవరు జేబులో పెట్టుకో!"

"ఏందన్నా?"

"ఈడ కొనమాకు. ఈడ నీళ్లు లేవు. నీకు నేను అబద్ధం చెప్పా." నాగూర్ వలీ తమ్ముడి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటే, తనకు తాను శిక్ష వేసుకుంటున్నట్టు చెప్పాడు. శివరామయ్య లేడనీ, తేజ లేడనీ, ఆ మోటారు తనదేననీ. ఏడు నెలల నుంచి ట్యాంకరుతో బతుకుతున్నామనీ, మీరాబీ స్నానానికి కూడా చెంబులు లెక్కపెడుతోందనీ. మీరాబీ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కిళ్లు పెట్టింది. ఏడాదిగా అణచుకున్న ఏడుపంతా ఒక్కసారి కట్ట తెగింది!

సుభానీ ముఖం పాలిపోయింది. అన్న మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ నోటి వెంట వచ్చింది వేరు. "నీ మోటారా అన్నా! నీ మోటారు బాగుచేసి... ఆటోవాడి చేత నీ దగ్గర డబ్బులు తీసుకున్నానా నేను! నీ దగ్గరా!"

సైదాబీ లేచి వచ్చి పెద్దకొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "చిన్నప్పుడు పలక పగలగొట్టి తమ్ముడి పేరు చెప్పేవాడివి. ముసలాడివై మోటారు కాల్చుకుని ఊరోళ్ల పేర్లు చెప్తన్నావా? సిగ్గులేనోడా!" తిట్టిన నోటితోనే ఆయన తలను తన భుజానికి అదుముకుంది.

ఇంతలో సుభానీకి మరో సంగతి తట్టింది. భార్య వైపు తిరిగాడు. "ముడి నీది గదా... అయితే నీకు తెలుసు! ఏడాది నుంచి తెలిసీ నాకు చెప్పలేదు!"

"చెప్పలేదు," హసీనా చూపు దించలేదు. "అన్న పరువు పోకూడదని మీకు తెలియకుండా దాచా. అది తప్పయితే నాదే తప్పు. కానీ మొన్న చెప్పబోయా. కాయిళ్లు చూసి నేలెట్టా ఉందో చెప్పబోయా. తీగ చుట్టేదానివి నీకేం తెలుసన్నారు! చుట్టేదాన్ని గనకే తెలుసు. మీరు మోటారు పైన చూస్తారు. నేను దాని కడుపులో చూస్తా. పేట చుట్టూ ఏ వీధి బోరు ఎప్పుడు ఆవిరవుద్దో ఇరవై రెండేళ్ల నుంచి నా ఒళ్లో పెట్టుకుని చదువుతన్నా. మీరు ఒక్కసారన్నా అడిగారా... ఒక్కసారన్నా!"

సుభానీ ఆమె చేతులు పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ల మీద పాత కోతల తెల్లటి గీతలు, చూపుడువేలు మీద మొన్నటి ఎర్రటి గీత. ఈ చేతుల మీద తన ఇల్లు ఇన్నేళ్లుగా నడుస్తోంది! అతడి కళ్లలోంచి జారిన చుక్క ఆ గీతల మీద పడింది.

"ఇప్పుడడుగుతున్నా. ఏడ కొందాం హసీనా? నువ్వే చెప్పు."

ఆమె కన్నీళ్లు తుడుచుకుని, తొణకని గొంతుతో చెప్పింది. "నకరికల్లు. సాగర్ కాలువ దగ్గరగా ఉన్న వీధి. తొమ్మిదేళ్లలో ఆ వీధి నుంచి మన దగ్గరికి వచ్చినయ్యి రెండే మోటార్లు. రెండిట్లోనూ మూడో కాయిలు రాగిలాగా మెరుస్తంది. నేల తప్పు కాదు, కరెంటు తప్పు. అందులో ఒకటి గ్రేసమ్మ టీచరుది. గుంటూరులో చెల్లెలి దగ్గరికి పోతా, ఇల్లు అమ్ముతా అని మోటారు కోసం వచ్చినప్పుడు నాతో చెప్పింది. హుమేరా కాలేజీకి అరగంట బస్సు. ఊళ్లల్లో పొలం మోటార్లున్నయ్యి, మనకి పని తప్పదు. పైగా ఆ చుట్టుపక్కల మోటార్లు కట్టేవాళ్లే లేరు. ఒక్క అత్తమ్మ సంగతే..." ఆమె అత్తగారి వైపు తిరిగింది. "మామయ్య సమాధి వదిలి రమ్మని అడిగే హక్కు నాకు లేదు. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు."

అందరి చూపులూ సైదాబీ మీదకు మళ్లాయి. ఆమె తస్బీని మడిచి జేబురుమాలులో కట్టుకుంది.

"నేను చెప్తా జవాబు. మీ మామ సమాధి మీద చల్లేదానికి చెంబుడు నీళ్లు చాలే పిల్లా. బతికున్నోళ్లకి చెంబుడు చాలతయ్యా? శుక్రవారం బస్సెక్కి వస్తా. ఆయనకి తొందరేమీ లేదు, బస్సు లేటైనా పడుకునే ఉంటాడు!"

ఏడుస్తున్న మీరాబీతో సహా అందరూ నవ్వేశారు. పన్నెండింటికి ఇల్లు అమ్మేవాడు రానే వచ్చాడు. సుభానీ గుమ్మంలోనే నమస్కారం పెట్టి పంపేశాడు.

ఆ తర్వాతి సంగతులు ఒకదాని వెనక ఒకటి, వరసగా జరిగాయి. గ్రేసమ్మ టీచరు ఇల్లు చేతులు మారింది. నాగూర్ వలీ తన ఇంటిని అమ్మజూపినప్పుడు, బోరు సంగతి దాచవద్దని హసీనా పట్టుబట్టింది. "మనం ఏడ్చిన ఏడుపు ఇంకో ఆడకూతురికి అమ్ముతామా బావగారూ!" అంది. నిజం చెప్పాక నలుగురు వెనక్కి తిరిగిపోయారు. అయిదోవాడు మిరపకాయల వ్యాపారి. గిడ్డంగి కోసం చూస్తున్నాడు. "నీళ్లు లేవా? నాక్కావలసింది అదే గదయ్యా! చెమ్మ తగిలితే నా సరుకు బూజు పట్టిద్ది," అని సంతోషంగా కొనుక్కున్నాడు. అన్నగారి కుటుంబం కూడా నకరికల్లుకే వచ్చి, రెండు ఇళ్ల అవతల చిన్న పెంకుటిల్లు తీసుకుంది. మొదటి రోజు మీరాబీ వాకిట్లో కుళాయి కింద రెండు చేతులూ పెట్టి, ఎంతసేపటికీ తీయలేదు. ఎవరూ తీయమనలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. కొత్త కొట్టులో హసీనా పనిగదికి వీధివైపు పెద్ద కిటికీ పెట్టించాడు సుభానీ. ఒక ఉదయం భార్యాభర్తలిద్దరు బండి దిగారు. పేర్లు వెంకట సాయి, హరిత. చేతిలో రంగురంగుల కాగితం, దాని మీద ఏదో కొత్త వెంచరు బొమ్మలు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని బోల్టులు తుడుస్తున్న నాగూర్ వలీని అతడు పలకరించాడు.

"పెద్దాయనా, మీరు ఇదివరకు పేట శివార్లలో ఇల్లు కొనుక్కుని ఉన్నారంట గదా. ఈ వెంచరు ఎట్టా ఉంటదో చెప్తారా? ఆడ ఉంటున్నోళ్లని అడిగాం. చానా బాగుందంటన్నారు."

నాగూర్ వలీ ఆ కాగితాన్ని కళ్లజోడు ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో ఇప్పుడు నామోషీ లేదు. నిజం చెప్పి తేలికపడ్డ మనిషి నవ్వు ఉంది.

"నన్నడగమాక బాబూ. ఉంటున్నోళ్లనీ అడగమాక. ఇల్లు కొన్నోడు ఎప్పుడన్నా బాగాలేదంటాడా? నేనూ అట్టానే చెప్పా. లోపల మా మరదలుంది. ఆమెనడుగు."

సుభానీ చేతిలో పని వదిలి, కిటికీ దగ్గరకు రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. హరిత కాగితాన్ని ముందుకు చాచింది. "ఈడ కొనుక్కోవచ్చా అక్కా?"

హసీనా ఒళ్లోని మోటారును పక్కన నిలబెట్టి, చేతులు తుడుచుకుని, ఆ కాగితాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. పార్కు బొమ్మ ఉంది, ఏనుగుల బొమ్మలున్నాయి, నవ్వుతున్న పిల్లల బొమ్మలున్నాయి.

"బోరు ఎన్ని అడుగులు వేశారన్నారమ్మా?"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అది... అడగలేదక్కా."

"అడిగి రండి. ఆ వీధిలో కాలిన మోటారు ఉంటే, అది కూడా తీసుకురండి. తొందరేం లేదు." ఆమె నవ్వుతూ కాగితం మడిచి హరిత చేతిలో పెట్టింది. "ఇల్లు యాడికీ పోదు తల్లీ. పోతే నీళ్లే పోతయ్యి."